పీకేకొద్దీ పెరిగే ఈ గడ్డి పేరేంటి?

కె.ఆర్.పురం తోటమాలి: పొద్దున ఆరింటికి కూర్చున్నాను, ఇప్పుడు పన్నెండు. నడుము పడిపోయింది. పోయిన నెల పీకిన చోటే రెట్టింపు వచ్చింది. గరికలా ఉంది కానీ గరిక కాదు. ఇది ఎలా చస్తుంది?

చిత్తూరు మిర్చి: ఫోటో?

కె.ఆర్.పురం తోటమాలి: కెమెరా పాడైంది. సన్నగా, పచ్చగా ఉంటుంది.

చిత్తూరు మిర్చి: పచ్చగా లేని గడ్డి ఉందా?

పాత రైతు: పూత కాడను వేళ్ల మధ్య తిప్పి చూడు బాబూ. మూడు పలకలు తగిలితే తుంగ. గరిక కాడ గుండ్రం, కణుపులుంటాయి. తుంగకు పూత దాకా కణుపే ఉండదు. పూత ఏ రంగు?

కె.ఆర్.పురం తోటమాలి: మూడు పలకలే! పూత ఎర్రమట్టి రంగు. కింద నల్ల గడ్డలు కూడా ఉన్నాయి, దండలా వరసగా.

చిత్తూరు మిర్చి: అది మొదటే చెప్పాలి.

వంటింటి వైద్యం: అయ్యో, పారేయకండి! అవి తుంగముస్తలు. కడిగి ఎండబెడితే ఎంత వాసనో! మా అమ్మమ్మ నలుగుపిండిలో కలిపేది. ఆయుర్వేదంలో ముస్త అంటే ఇదే. పచారీ కొట్లో డబ్బు పెట్టి కొంటాం, మీరేమో...

నెల్లూరు చాప: తుంగ అంటే చాపలల్లేది. చెరువు గట్టున నడుమెత్తు పెరుగుతుంది. జానెడు కలుపును తుంగ అనడమేంటి?

పాత రైతు: మా పొలంలో కూలీలంతా దీన్నే తుంగ అంటారు. రెండూ సైపరస్ జాతే. తమిళులూ రెండింటినీ కోరై అనే అంటారు.

నెల్లూరు చాప: జాతి ఒకటైతే మొక్క ఒకటవుతుందా?

పాత రైతు: సరే, పని చూద్దాం. పైన లాగితే దండ తెగుతుంది, మిగిలిన గడ్డలన్నీ మేలుకుంటాయి. రెట్టింపు అందుకే. మట్టి ఎక్కడిది?

కె.ఆర్.పురం తోటమాలి: చెరువు పూడిక మట్టి, రెండు ట్రాక్టర్లు. లాన్ కోసం. మొన్న గ్లైఫోసేట్ కలుపుమందు కూడా కొట్టాను, లాన్ మాడింది, ఇది మళ్లీ లేచింది.

చిత్తూరు మిర్చి: ఇది ఇప్పుడా చెప్పేది!

పాత రైతు: గడ్డలు మట్టితోనే వచ్చాయి. గడ్డపలుగుతో జానెడు లోతు తవ్వి, గడ్డలు ఏరి, ఎండలో పడెయ్. తడి నిలిచే మూలను ముందు చూడు. ఒక్కసారికి పోదు, మళ్లీ మొలకొచ్చినప్పుడల్లా తవ్వాలి.

వంటింటి వైద్యం: ఏరినవి నాకివ్వండి, ఇందిరానగర్ నుంచి వస్తాను.

కె.ఆర్.పురం తోటమాలి: థాంక్సండి. అన్నానికి పిలుస్తున్నారు.

నెల్లూరు చాప: చాప తుంగ సంగతి తేలలేదు.