నొప్పి మందు బటన్ పేషెంటు చేతికి ఇవ్వొచ్చా?

కరీంనగర్_కోడలు:
అత్తయ్యకి వచ్చే వారం మోకాలి మార్పిడి ఆపరేషన్. తర్వాత నొప్పికి పీసీఏ పంపు పెడతామన్నారు, అంటే సెలైన్ లైనుకి మార్ఫిన్ మిషను తగిలించి బటన్ ఆవిడ చేతికే ఇస్తారట. మామయ్యేమో "మార్ఫినా, అలవాటు పడిపోతే?" అని ఒకటే టెన్షన్. ఒప్పుకోమంటారా?

నెల్లూరు_అబ్బాయి:
నేనైతే వద్దంటానండి. అలవాటు సంగతి కాదు, రెండ్రోజుల మందుకి అంత భయం అక్కర్లేదు. నా భయమంతా ఊపిరి గురించే. మార్ఫిన్ ఎక్కువైతే శ్వాస నెమ్మదిస్తుంది, రాత్రి 30 మందికి ఒక్క సిస్టర్ ఉంటే ఎవరు చూస్తారు? టైముకి ఇచ్చే ఇంజెక్షనే నయం.

విజయ_బెజవాడ:
ఆ "టైముకి" దగ్గరే నాకు మీతో పేచీ, తమ్ముడూ. నాన్నకి పొట్ట ఆపరేషనైన రాత్రి 11 గంటలకి నొప్పి మొదలైతే, సిస్టర్‌ని పిలిచి, ఆవిడ డ్యూటీ డాక్టర్‌ని అడిగి, బీరువా తాళం తీసి సూది వేసేసరికి పన్నెండున్నర, అప్పటిదాకా ఆయన దుప్పటి అంచు పళ్ళతో కరిచిపట్టుకునే ఉన్నారు. రెండేళ్ళకి అమ్మ ఆపరేషన్‌కి పంపు పెట్టారు. నొక్కితే 1 మిల్లీగ్రామే, తర్వాత 8 నిమిషాలు ఎన్నిసార్లు నొక్కినా చుక్క రాదు. మత్తు ఎక్కితే నొక్కే చెయ్యే ఆగిపోతుంది. అసలు రక్షణ అదే, దాన్ని పాడుచేసేది మనం. తెల్లవారుజామున అమ్మ నిద్రలో మూలిగితే చూడలేక నేనే నొక్కబోయాను, సిస్టర్ నా చెయ్యి పట్టుకుని ఆపింది. పేషెంటు బదులు ఇంకెవరో నొక్కడం వల్ల ప్రాణాలు పోతున్నాయని అమెరికాలో ఆసుపత్రుల ప్రమాణాలు చూసే సంస్థ జాయింట్ కమిషన్ 2004లో ఆసుపత్రులకి హెచ్చరిక కూడా ఇచ్చింది.

నెల్లూరు_అబ్బాయి:
సరే అక్కా, మరి నిద్రలో గురకపెట్టి మధ్యమధ్య ఊపిరి ఆగేవాళ్ళ సంగతి? నొక్కకపోయినా సన్నగా మందు ఎక్కేలా కూడా పంపుని పెట్టొచ్చు కదా, అప్పుడు మీరు చెప్పిన రక్షణ ఏముంది?

విజయ_బెజవాడ:
లేదు, అక్కడ నీ మాటే నిజం. అందుకే కరీంనగర్ అమ్మాయీ, అత్తయ్య గురక సంగతి ముందే మత్తు డాక్టర్‌కి చెప్పు. నొక్కకుండా ఎక్కే మందు పెడుతున్నారా అని అడుగు. రాత్రి వేలికి ఆక్సిజన్ క్లిప్పు, మత్తూ ఊపిరీ లెక్కచూసే మనిషి, విరుగుడు నాలోక్సోన్ వార్డులోనే ఉండాలి. ఇవి లేవంటే నేనూ వద్దనే అంటాను.

కరీంనగర్_కోడలు:
ఆవిడ గురక పక్క గదికి వినిపిస్తుంది అక్కా, ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. రేపే చెప్తాను. రాత్రిళ్ళు మామయ్యే పక్కన ఉంటారు, బటన్ ముట్టుకోవద్దని ఆయనకి మీ పోస్టు చదివి వినిపించాను.