వాడికా, ఆయనకా? ఒక్క మాట దగ్గర ఆగిపోయాను

లా విద్యార్థుల కోసం ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. మూడు రోజులుగా ఒకే వాక్యం దగ్గర బండి కదలడం లేదు.

1952 నవంబరు 2 రాత్రి, లండన్ పక్కన క్రాయిడన్. ఒక గోదాము పైకప్పు మీదికి దొంగతనానికి ఎక్కిన ఇద్దరు కుర్రాళ్లు. క్రిస్ క్రెయిగ్‌కి 16, డెరెక్ బెంట్లీకి 19. తుపాకీ క్రెయిగ్ దగ్గర ఉంది. ఫెయిర్‌ఫాక్స్ అనే డిటెక్టివ్ బెంట్లీని పట్టుకున్నాడు. అప్పుడు బెంట్లీ "లెట్ హిమ్ హ్యావ్ ఇట్, క్రిస్" అని అరిచాడని పోలీసులు చెప్పారు. క్రెయిగ్ పేల్చాడు, ఫెయిర్‌ఫాక్స్ భుజానికి తగిలింది. ఇంకో పావుగంటకి మెట్ల తలుపు లోంచి పైకి వచ్చిన కానిస్టేబుల్ సిడ్నీ మైల్స్ తూటాకి చనిపోయాడు. అప్పటికే బెంట్లీ పోలీసుల చేతుల్లో ఉన్నాడు. క్రెయిగ్‌కి 18 నిండలేదని జైలు. బెంట్లీని 1953 జనవరి 28న ఉరితీశారు.

ఆ మాటకి తుపాకీ ఇచ్చెయ్ అనీ అర్థం వస్తుంది, కాల్చెయ్ అనీ వస్తుంది. రెండూ పలికే తెలుగు ముక్క కావాలి, తోచినవాళ్లు కింద రాయండి.

*

"ఇచ్చి పడెయ్" ఉండగా బెంగెందుకు అక్కా? "ఆ పైసలు ఇచ్చి పడెయ్" అంటే పీడ వదిలించుకో అని. "వాడికి ఇచ్చి పడెయ్" అంటే ఉతికెయ్ అని. మా వరంగల్‌లో పొద్దున లేస్తే వినే మాటే.

*

ఇప్పుడది మీమ్ మాట అయిపోయింది తమ్ముడూ. బ్యాట్స్‌మన్ సిక్స్ కొట్టినా ఇచ్చి పడేశాడు అంటున్నారు. ఉరికంబం ఎక్కించిన మాట దగ్గర పాఠకుడు నవ్వితే ఎలా? మా కాకినాడ వైపు "ఒకటిచ్చుకో" అంటాం, కానీ అందులో దెబ్బ తప్ప ఇంకో అర్థం లేదు.

*

"వేసెయ్"? తుపాకీ కింద వేసెయ్, మనిషిని వేసెయ్.

*

విభక్తి ఒప్పుకోదండీ. "వాణ్ణి వేసెయ్" అనగానే హత్య ఖాయం. అసలు చిక్కు క్రియలో కాదు, "హిమ్"లో ఉంది. పోలీసు రెక్క పట్టుకుని ఉండగా తుపాకీ అప్పగించమనేవాడు "ఆయనకి ఇచ్చెయ్" అంటాడు, మనవాడైతే "సారుకిచ్చెయ్" అంటాడు. కాల్చమనేవాడు "వాడికి" అంటాడు. మీరు "వాడికి" అని రాశారంటే తీర్పు చెప్పేసినట్టే, "ఆయనకి" అని రాస్తే విడుదల చేసినట్టే. ఇంగ్లీషుకి ఈ బాధ లేదు.

*

అమ్మా, ముప్పై ఏళ్లు క్రిమినల్ కోర్టుల్లో తిరిగిన ప్లీడర్ని. మన ఎఫ్ఐఆర్‌లలోనూ ఈ అరుపు ఉంటుంది. "ఏ2 నరకండ్రా అని కేక వేయగా ఏ1 కత్తితో..." అని. ఆ ఒక్క కేకతో ఏ2 కూడా పాత ఐపీసీ 34వ సెక్షన్ కిందికి, అంటే ఉమ్మడి ఉద్దేశంతో చేసిన నేరం కిందికి, వచ్చేస్తాడు. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 3(5). అందుకే క్రాస్ ఎగ్జామినేషన్‌లో మేం మొదట పట్టుకునేది కేకనే. ఎవరు విన్నారు, ఎంత దూరంలో ఉన్నారు, సరిగ్గా ఏ మాట?

ఇంకో సంగతి. ఆ "హిమ్" ఫెయిర్‌ఫాక్స్, చనిపోయింది మైల్స్. దొంగతనానికి కలిసి వెళ్లినవాడు ఆ చావుకి ఎంతవరకు జవాబుదారీ అన్నదే అక్కడి పేచీ. తోడువాడు హత్య చేయొచ్చని ఊహించి కూడా వెంట ఉంటే చాలు, హత్య నేరమే అని 1984లో ఒక తీర్పు వచ్చింది. అది దారి తప్పిందని బ్రిటన్ సుప్రీంకోర్టు 2016లో జోగీ కేసులో ఒప్పుకుంది. ఊహించడం సాక్ష్యమే గానీ ఉద్దేశం కాదంది.

*

ఆ మాట అసలు అననే లేదని ఇద్దరు కుర్రాళ్లూ కోర్టులో చెప్పారు కదా? మనం అనని మాటకి అనువాదం వెతుకుతున్నామేమో!

*

అవునండీ, ఇద్దరూ కాదనే అన్నారు. జడ్జి జ్యూరీకి కేసు వివరించిన తీరు న్యాయంగా లేదని 1998లో అప్పీలు కోర్టు బెంట్లీ దోషి అన్న తీర్పునే కొట్టేసింది కూడా. అందుకే "అరిచాడు" తీసేసి "అరిచాడని పోలీసులు చెప్పారు" అనే ఉంచుతున్నాను.

సర్వనామం లేకుండా వాక్యం నిలబడటం తెలుగుకి మామూలే కాబట్టి "ఇచ్చెయ్, క్రిస్!" అని రాసి చూశాను. తుపాకీ ఇచ్చెయ్ అని వినబడుతోంది. "ఒకటి" చేరిస్తే చెంపదెబ్బ. "ఇచ్చి పడెయ్, క్రిస్!" అంటే రెండూ వస్తున్నాయి, మీమ్ ఒక్కటే అడ్డం. మా అమ్మకి చదివి వినిపించాను. "ఏమిటి ఇచ్చెయ్యాలి? ఎవరికి?" అంది. ఇదే ఖాయం చేస్తున్నాను.