నీడలో తెల్ల కమేలియా: మొగ్గలు వేస్తుంది, విచ్చకుండానే రాల్చేస్తుంది. ఏం చేయాలి?

నీడతోట
అందరికీ నమస్తే. మా ఇంటి వెనక స్థలంలో ఎండ తక్కువండి, ఓ పక్క గోడ, ఇంకో పక్క పెద్ద చెట్టు, అక్కడ ఏం పెట్టినా సాగిపోయి పీలగా తయారయ్యేది తప్ప పువ్వన్నది చూడలేదు. అలాంటి చోట కమేలియా అనే పూలపొద బానే వస్తుందని ఎక్కడో చదివి మూడేళ్ళ కిందట ఒకటి పెట్టా, తెల్లపువ్వు రకం, లేబుల్ మీద న్యూసియోస్ జెమ్ అనీ కింద కాంపాక్ట్ అనీ ఉంది. మొక్కకేం రోగం లేదు, ఆకులు నూనె రాసినట్టు నిగనిగలాడుతున్నాయి, మొగ్గలు కూడా బోలెడు వేస్తుంది. కానీ రెండేళ్ళుగా అదే తంతు, మొగ్గ గోళీకాయంత అవుతుంది, ఇంక రేపో ఎల్లుండో విచ్చుతుంది అనుకుంటా, పొద్దున్నే చూస్తే కింద పడుంటుంది. పోయినసారి విచ్చినవి మూడంటే మూడు, వాటికి కూడా రెండో రోజుకే అంచుల్లో టీ మరకలా గోధుమరంగు వచ్చేసింది. ఇప్పుడు మళ్ళీ మొగ్గలు శనగగింజంత అయ్యాయి, రాలడం మొదలవ్వకముందే అడుగుదామని వచ్చా. నీడ మరీ ఎక్కువైందా? తీసి ఎండలో పెట్టేయనా? ఇంకోటి, ఇది కిటికీ కింద ఉంది, అసలు ఎంత ఎత్తు పెరుగుతుంది?

మట్టిచేతులు
ఎండలో మాత్రం పెట్టకండి బాబూ. నీడ ఎక్కువైతే మొగ్గలు రాలడం కాదు, అసలు మొగ్గే వేయదు. మీ మొక్క బోలెడు మొగ్గ వేస్తోందంటే వెలుతురు దానికి సరిపోతున్నట్టే. నాకు నీళ్ళ మీదే అనుమానం. మొగ్గ రాలేది చలికాలంలో కాబట్టి మనం చలికాలంలో ఏం తప్పు చేశామా అని వెతుకుతాం, కానీ తప్పు జరిగేది అంతకు చాలా ముందు. కొత్త చివుళ్ళు ముదిరాక ఎండాకాలంలోనే ఇది మొగ్గ కడుతుంది, అక్కణ్ణుంచి నెలల తరబడి దాన్ని మోస్తుంది, ఆ మధ్యలో వేర్లు ఓసారి బాగా ఎండిపోయాయా, అంతే. ఆకు వాడదు, మొక్క ఏమీ చెప్పదు, మొగ్గ కూడా వెంటనే పడదు, లోపల చచ్చి కొమ్మనే పట్టుకుని ఉండి ఎప్పుడో మనం మర్చిపోయాక రాలుతుంది. పైగా మీది పెద్ద చెట్టు కింద. వాన పడ్డా సగం ఆకులే ఆపేస్తాయి, కిందకి వచ్చింది ఆ చెట్టు వేర్లు తాగేస్తాయి. ఓ పని చేయండి, కాండం పక్కన వేలు పూర్తిగా దించి చూడండి, పైన తడి చూసి మోసపోవద్దు.

ఎత్తు సంగతి: కాంపాక్ట్ అంటే పొట్టి అని కాదు, గుబురుగా ఉంటుందని. మెల్లగా పెరుగుతుంది కానీ ఆరేడడుగులు పోగలదు. నిటారుగా పెరిగే రకం కాబట్టి పక్కలకి పెద్దగా రాదు. పువ్వులైపోయిన వెంటనే, కొత్త చిగురు రాకముందే కత్తిరిస్తే కిటికీ కిందే ఉంచుకోవచ్చు. ఆలస్యం చేసి కత్తిరిస్తే మాత్రం వచ్చే ఏటి మొగ్గల్ని మీరే కోసేసినట్టు.

పూలపిచ్చి
నేనైతే కాఫీ పిప్పి వేస్తా, కమేలియాకి పులుపు మట్టి ఇష్టం కదా. మొగ్గలు నిలబడాలంటే ఇప్పుడే ఓ గుప్పెడు పూల ఎరువు కూడా పడేయండి.

ముసలితోటమాలి
పూలపిచ్చి గారూ ఏమీ అనుకోవద్దు, ఈ టైంలో ఎరువు మాత్రం వద్దండి. ఎండాకాలం సగం దాటాక ఎరువు వేస్తే మొక్క కొత్త చిగురు వేసే పనిలో పడి ఉన్న మొగ్గల్ని వదిలేస్తుంది. పూలయ్యాక ఓసారి, చిగురు వేసేటప్పుడు ఓసారి, అంతకుమించి అక్కర్లేదు. పులుపు మట్టి మాట నిజమే, పీహెచ్ (మట్టి పులుపు కొలత) 5.5 నుంచి 6.5 మధ్య ఉంటే దానికి హాయి, కానీ అది చెడితే ముందు ఆకు చెప్తుంది, ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపు పడుతుంది. ఈయన ఆకులు నిగనిగలాడుతున్నాయి అంటున్నారు కదా, లేని జబ్బుకి మందెందుకు. నీళ్ళలో సున్నం ఎక్కువుంటే మాత్రం వీలైనప్పుడల్లా వాననీళ్ళు పట్టి పోయండి. ఇది టీ చెట్టుకి చుట్టమే, ఆ వంశానికంతా సున్నం పడదు.

ఇక గోధుమరంగు మరకలు. తెల్లపువ్వుతో వచ్చిన గోలే ఇది, ఎరుపులో అయితే అదే మచ్చ కనిపించదు. రాత్రి మంచు పట్టి పొద్దున్నే ఎండ సూటిగా తగిలితే రేకు అంచు కాలిపోతుంది, అందుకే తూర్పు ఎండ నేరుగా పడే చోట తెల్లది పెట్టొద్దంటారు. ఇంకో అవకాశం రేకుల తెగులు. పాడైన పువ్వు ఒకటి తుంచి కింద ఆకుపచ్చ రెప్పలు వలిచి చూడండి, రేకుల మొదట్లో తెల్లగా బూజు రింగు కనిపిస్తే అదే. అప్పుడు రాలిన పువ్వు ప్రతిదీ ఏరి పారేయాలి, కంపోస్టులో వెయ్యకూడదు, ఎందుకంటే ఆ బూజు నల్లటి గట్టి గింజల్లా మారి మట్టిలో ఏళ్ళ తరబడి ఉండిపోతుంది.

1792లో చైనా నుంచి ఇంగ్లండ్ చేరిన ఆల్బా ప్లీనా అనే పాత తెల్ల రకం నా దగ్గర ఉంది, పువ్వు విచ్చితే పింగాణీతో చేసినట్టుంటుంది, వాడిపోయాక మాత్రం గోధుమరంగు ముద్దలా కొమ్మనే పట్టుకుని వేలాడుతుంది, చేత్తో తుంచాల్సిందే. ఆ బాధ వద్దనుకునేవాళ్ళకి కార్నిష్ స్నో అనే తెల్ల కమేలియా మంచిది, చిన్న చిన్న ఒంటిరేకు పువ్వులు, కొమ్మ నిండా వస్తాయి. కమేలియాల్లోనే ససాంక్వా అనే ఇంకో జాతిలో కూడా మంచి తెల్లవి ఉన్నాయి, రేకులు వాటంతటవే రాలిపోతాయి, కానీ వాటికి ఎండ ఇంకాస్త కావాలి, మీ మూలలో పెడితే ఆకులే మిగులుతాయి.

నీడతోట
మట్టిచేతులు గారూ మీ మాట మీద ఇవాళ తవ్వి చూశా. పైన రెండంగుళాలు తడి. చుట్టూ మట్టి కూడా తడే. కానీ నర్సరీ నుంచి వచ్చినప్పటి వేరుముద్ద ఉంది చూశారూ, అది కుండీ ఆకారంలో అలాగే ఉంది, వేలు దిగట్లేదు, పొడి కొబ్బరిపీచులా ఉంది! మూడేళ్ళుగా నేను పోసిన నీళ్ళు దాని పక్కనుంచి జారిపోతున్నాయన్నమాట. ఇంకో ఘనకార్యం, కాండం మీద మూడంగుళాల మట్టి కప్పేసి ఉంది, గట్టిగా నిలబడాలని నేనే కప్పా. పొద్దుటి ఎండ కూడా ఓ అరగంట సూటిగా పడుతుంది, గోడ మీదుగా.

మట్టిచేతులు
దొరికింది దొంగ. ఆ మట్టి ఇవాళే మెల్లగా తీసేయండి, దీని వేర్లు పైపైనే ఉంటాయి కాబట్టి గునపం వద్దు, చేత్తోనే. వేరుముద్దలో సన్నటి పుల్లతో ఏడెనిమిది చోట్ల పొడిచి, పైపు సన్నగా వదిలి ఓ గంట అలా కారనివ్వండి, ఒకేసారి బకెట్ కుమ్మరిస్తే మళ్ళీ జారిపోతుంది. రెండు మూడు రోజులు అలా చేశాక పైన ఎండుటాకులో బెరడు ముక్కలో రెండు మూడంగుళాలు పరవండి, కాండానికి తగలకుండా నాలుగు వేళ్ళ ఖాళీ ఉంచి. చెట్టు వేర్లు ఎలాగూ వచ్చి తాగుతాయి, కాబట్టి వానలు లేనప్పుడు వారానికి రెండుసార్లైనా వేలు పెట్టి చూస్తుండాలి. మొక్కని కదపొద్దు, ఆ అరగంట ఎండకి మంచు రాత్రుల తర్వాత ఓ పల్చటి గుడ్డ అడ్డం పెడితే చాలు.

నీడతోట
అలాగే చేస్తానండి. లెక్కపెట్టా, మొత్తం ముప్ఫై నాలుగు మొగ్గలు ఉన్నాయి. కొన్నిచోట్ల ఒకే కొమ్మ చివర మూడేసి.

ముసలితోటమాలి
మూడున్న చోట లావుదొకటి ఉంచి రెండు తీసేయండి. రేకులు ఇన్నేసి ఉన్న పువ్వు విచ్చాలంటే బోలెడు బలం కావాలి, ఇంత దెబ్బతిన్న మొక్క అన్నీ మోయలేదు. గిల్లకండి, పట్టుకుని పక్కకి తిప్పితే ఊడొస్తుంది.

నీడతోట
రెండేళ్ళు రాలిపోతున్నాయని ఏడ్చి ఇప్పుడు నా చేత్తో నేనే తీయాలా 😅 సరే, రేపు పొద్దున చూద్దాం.