సోలార్ ఫిట్టింగ్ పనికి ఎలాంటి గ్లోవ్స్ కొనాలి? ఫీల్డ్‌లో ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి

మా తమ్ముడు ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసి ఈమధ్యే అనంతపురం వైపు ఇళ్ళ మీద సోలార్ ప్యానెళ్ళు బిగించే ఒక కాంట్రాక్టర్ దగ్గర చేరాడు. మొన్న వాడు పంపిన వీడియో చూసి నాకు కాళ్ళూచేతులూ ఆడలేదు, మిట్టమధ్యాహ్నం ఎండలో డీసీ ఐసోలేటర్ (ప్యానెళ్ళ నుంచి వచ్చే కరెంటును ఆపే స్విచ్) ఆఫ్ చెయ్యకుండానే ఎంసీ4 కనెక్టర్ (ప్యానెళ్ళ వైర్లను కలిపే ప్లగ్) పీకుతున్నాడు, చేతులకేమో మూటలు మోసేవాళ్ళు వేసుకునే నూలు గ్లోవ్స్. అడిగితే "ఇన్వర్టర్ ఆపేశాం కదన్నా, ఏం కాదులే" అంటాడు. ఇన్వర్టర్ (ప్యానెళ్ళ డీసీ కరెంటును ఇంట్లో వాడే ఏసీగా మార్చే పెట్టె) ఆపినా ఎండ ఉన్నంతసేపు ప్యానెళ్ళలో వోల్టేజ్ ఉంటుంది కదా, పది ప్యానెళ్ళు సిరీస్‌లో కలిపితే ఈజీగా 400 వోల్టులు దాటుద్ది, పైగా డీసీ ఏసీలాగా మాటిమాటికీ సున్నాకి రాదు కాబట్టి లోడ్ మీద, అంటే కరెంటు పారుతుండగా, పీకితే వచ్చే ఆర్క్ (గాల్లో లేచే నిప్పు మెరుపు) ఒక పట్టాన ఆరదు.

వాడికి మంచివి నేనే కొనిద్దామనుకుంటున్నా. కరెంటు పనికి వాడే క్లాస్ 0 రకం రబ్బరు గ్లోవ్స్ 1500 వోల్టుల డీసీ దాకా పనికొస్తాయని చదివాను, వాటి మీద లెదర్‌వి కూడా వేసుకోవాలంట, మరి మన రాయలసీమ ఎండల్లో ఆ చెమటతో స్క్రూలు బిగించడం అయ్యే పనేనా, మీరెలా మేనేజ్ చేస్తున్నారు? వోల్టేజ్ చూసే మీటర్ క్యాట్ 3 (మీటర్ మీద రాసుండే సేఫ్టీ రేటింగ్), 1000 వోల్టులది సరిపోతుందా? ఇన్వర్టర్ ఆపాక లోపల కెపాసిటర్లు (ఆపాక కూడా కాసేపు ఛార్జ్ నిల్వ ఉంచుకునే భాగాలు) డిశ్చార్జ్ అయ్యేదాకా మీరు నిజంగా ఆగుతారా? ఇంకోటి, ఉద్యోగం పోకుండా కాంట్రాక్టర్‌కి ఇవన్నీ వాడు ఎలా చెప్పాలి?