అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రం జయాన్‌లో ఇల్లు చూసుకుంటున్న మీకు

నమస్కారమండీ. క్రైస్తవ మత సమాజంగా వెలిసిన ఊళ్లో మనవాళ్లు ఇమడగలరా అని మీరు అడిగారు. తొమ్మిదేళ్లుగా ఇక్కడే కాపురముంటున్నదాన్ని కనుక, నిస్సంకోచంగా ఇమడగలరనే చెబుతాను.

మీ భయానికి చరిత్రలో కారణం లేకపోలేదు. షికాగోకు ఉత్తరాన మిషిగన్ సరస్సు ఒడ్డున 6,000 ఎకరాలకు పైగా కొని, 1901లో ఈ ఊరు కట్టించిన జాన్ అలెగ్జాండర్ డౌయీ, ప్రార్థనతోనే రోగాలు నయమవుతాయని బోధించిన మతాచార్యుడు. ఆయన ఇళ్ల స్థలాలను అమ్మకుండా 1,100 ఏళ్ల లీజుకు ఇచ్చి, మద్యం, పొగాకు, పంది మాంసమే కాక వైద్యులను, మందుల దుకాణాలను కూడా నిషేధించారు. ఎలైజా, గిడియన్, గెలిలీ అంటూ బైబిలు పేర్లతో ఉన్న వీధులు ఆనాటివే. కానీ శిలువ ఉన్న నగర ముద్ర రాజ్యాంగ విరుద్ధమని ఫెడరల్ అప్పీలు కోర్టు 1991లోనే తీర్పు చెప్పింది. అబద్ధం చెప్పేవాడు ముందుగా చనిపోవాలని ఇద్దరం ప్రార్థిద్దామంటూ డౌయీకి ఒకప్పుడు సవాలు విసిరిన మీర్జా గులాం అహ్మద్ (పంజాబులోని ఖాదియాన్ వాసి, ముస్లింలలో అహ్మదీయ శాఖ స్థాపకుడు) అనుయాయులు 2022లో ఇక్కడే మసీదు ప్రారంభించుకున్నారు.

నిజానికి మీరు ఆలోచించవలసింది ఆస్తిపన్ను గురించి. సరస్సు పక్కనున్న అణువిద్యుత్ కేంద్రం 1998లో మూతపడడంతో దాని నుంచి వచ్చే పన్ను పోయి, ఆ భారం ఇళ్ల మీద పడింది. వాడేసిన ఇంధనాన్ని మాత్రం అక్కడే భద్రపరిచారు. ఇంటి ధర తక్కువని మురిసిపోయి, పన్ను బిల్లు చూడకుండా సంతకం పెట్టి మేము ఇబ్బంది పడ్డాం. కాబట్టి ముందు ఏడాదిపాటు అద్దెకుండి చూడండి. షికాగో వెళ్లే రైలు ఉంది గానీ, అటునుంచి వచ్చే రైళ్లలో చాలా భాగం మన ఊరికి ముందే వచ్చే వాకీగన్‌లోనే ఆగిపోతాయి. షికాగో శివార్లలోని ఆరోరా బాలాజీ గుడి, లెమాంట్ రామాలయం రెండూ దూరమే.

వచ్చాక మొదటి ఆదివారమే పిల్లలను తీసుకుని ఇలినాయ్ బీచ్ స్టేట్ పార్కుకు వెళ్లండి. మన పొలం గట్ల మీది నాగజెముడు జాతి మొక్కే అక్కడి ఇసుకదిబ్బల్లో నేలబారుగా పాకి ఉంటుంది. చలికాలమంతా ముడుచుకుపోయి, మంచు కరిగాక తేరుకుని, జూన్ చివర్లో పసుపు పూలు పూస్తుంది. ముళ్లు సన్నగా ఉండి కంటికి ఆనవు కనుక పిల్లలకు చెప్పులు తప్పకుండా వేయండి.