సాక్షినే హంతకుణ్ని చేసే ముగింపు: నాటికలో ఉంచాలా, తీసేయాలా?

అనంత నాటకం (అనంతపురం)

మాది అనంతపురంలో చిన్న నాటక బృందం. పరిషత్తు పోటీల కోసం గంట నిడివి ఉన్న సాంఘిక నాటిక ఒకటి సిద్ధం చేస్తున్నాం. కథంతా సెషన్స్ కోర్టులోనే నడుస్తుంది. ఊళ్లో హత్య జరిగింది. ముద్దాయి ఒక కూలీ. కళ్లారా చూశానని చెప్పే ఒకే ఒక్క సాక్షి ఊరి టీ అంగడి యజమాని. చివరి పది నిమిషాల్లో ముద్దాయి తరఫు లాయరు బోను దగ్గరకు వెళ్లి, వేలు చూపించి, "ఆ హత్య చేసింది నువ్వే!" అంటాడు. సాక్షి కుప్పకూలిపోయి నేరం ఒప్పుకుంటాడు. తెర పడుతుంది.

రాసింది నేనే. ఇప్పుడు ఆ ముగింపు తీసేద్దామంటున్నదీ నేనే. బృందంలో మిగతా ఐదుగురూ ఒప్పుకోవడం లేదు. చప్పట్లు పడేది అక్కడేనని వాళ్ల వాదన. అది నిజమేనని నాకూ తెలుసు.

నా మనసు మారింది రిహార్సల్లో. సాక్షి వేషం వేస్తున్న మా పెద్దాయన మూడో రోజు నన్ను పక్కకు పిలిచి, "మొదటి నలభై నిమిషాలు నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలి?" అని అడిగారు. బోను కమ్మీని గట్టిగా పట్టుకుని చూపించారు. ఇలా పట్టుకుంటే వీడే దొంగ అని ముందే తెలిసిపోతుంది అన్నారు. తర్వాత చేతులు వదిలేసి నిలబడ్డారు. ఇలా నిలబడితే చివర్లో మనం చేసేది మోసం అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే నా రాతలోనే ఆ మనిషి లేడు. ఆఖరి క్షణంలో చేతికి దగ్గరగా ఉన్నాడు కాబట్టి అతన్ని హంతకుణ్ని చేశాను, అంతే.

ఇంకో బాధ కూడా ఉంది. మన జిల్లాల్లో హత్య కేసులో సాక్ష్యం చెప్పడానికి ముందుకు వచ్చే మనిషి ఎంత అరుదో అందరికీ తెలుసు. కళ్ల ముందు జరిగినా "నేను ఆ పొద్దు ఊళ్లో లేను" అని చెప్పి బతికినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. అలాంటిచోట స్టేజీ ఎక్కి, ధైర్యం చేసి వచ్చిన ఒక్కడే హంతకుడు అని చూపించడం నాకు తప్పుగా తోస్తోంది. మీరేమంటారు?

గుంతకల్లు కుర్రవాడు

అన్నా, దయచేసి తీసేయవద్దు. కోర్టు కథలు చూసేవాళ్లం ఎదురుచూసేదే ఆ క్షణం కోసం.

ఇది మన దగ్గర పుట్టింది కూడా కాదు. ఎర్ల్ స్టాన్లీ గార్డ్‌నర్ అనే అమెరికా లాయరు 1933లో పెర్రీ మేసన్ అనే పాత్రను సృష్టించారు. ఆ కథలు 1957 నుంచి 1966 దాకా అక్కడి టీవీలో వచ్చాయి. అసలు హంతకుడు కోర్టు హాల్లోనే బయటపడటం ఆ కథలతోనే జనం నాలుకల మీదికి ఎక్కింది. జపాన్‌లో 2001లో వచ్చిన ఏస్ అటార్నీ అనే వీడియో గేమ్‌లో మనమే డిఫెన్స్ లాయరు. మొదటి కేసులోనే సాక్షి హంతకుడు. కానీ అక్కడ ఊరికే వేలు చూపిస్తే కుదరదు. సాక్షి చెప్పిన వేళకూ శవపరీక్ష రిపోర్టులోని వేళకూ పొంతన లేదని మనం పట్టుకోవాలి. ఆ పట్టుకోవడంలోనే ఆనందం ఉంది.

మీ పెద్దాయన అడిగిన ప్రశ్న మంచిదే అన్నా, కానీ దానికి జవాబు ముగింపు తీసేయడం కాదు. ముందు నుంచీ జాడలు వేయడం. రోనాల్డ్ నాక్స్ అనే రచయిత 1929లో అపరాధ పరిశోధన కథలకు పది నియమాలు రాశారు. నేరస్థుడు కథ మొదట్లోనే కనిపించాలన్నది అందులో మొదటిది. మీ సాక్షి మొదటి నుంచీ ఉన్నాడు కదా! ఒక్క అబద్ధం అతని నోట పెట్టండి. ఆ రాత్రి అంగడి మూసేశానని ఒకసారి, పాలు కాస్తున్నానని ఇంకోసారి అననివ్వండి. చూసేవాడు ఇంటికి వెళ్లాక "అరే, అప్పుడే చెప్పాడు కదా" అనుకోవాలి.

కడప కోర్టు న్యాయవాది

ఇద్దరికీ నమస్కారం. క్రిమినల్ కేసులు చేసే మనిషిగా నాలుగు మాటలు చెబుతాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

"నువ్వే చేశావు" అని సాక్షిని అడగడం కల్పన కాదు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో మేం తరచూ చేసే పనే. దాన్ని సజెషన్ అంటాం. మా వాదన ఏమిటో ఆ సాక్షి ముఖం మీదే పెట్టి, అవునో కాదో చెప్పమంటాం. అయితే అది వేలు చూపించి అరిచే మాట కాదు. కాగితాల కట్ట తిరగేస్తూ, చాలాసార్లు క్రాస్ చివర్లో, మామూలు గొంతుతో అడుగుతాం. సాక్షి "నిజం కాదు" అంటాడు. మేం కూర్చుంటాం. ఆ గదిలో ఎవరూ ఉలిక్కిపడరు.

మనిషి పరువు తీసే ప్రశ్నను ఆధారం లేకుండా అడగకూడదు. 1872 నాటి సాక్ష్య చట్టంలో 149వ సెక్షన్ ఇదే చెప్పేది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో అది 152వ సెక్షన్ అయింది. సరైన కారణం లేకుండా అడిగాడని జడ్జికి అనిపిస్తే ఆ లాయరు సంగతి హైకోర్టుకు రాయవచ్చు.

నాటకాలు రాసేవారు ఎవరూ పట్టించుకోని మాట ఇంకొకటి ఉంది. కేసుకు సంబంధించిన ప్రశ్న అడిగితే, జవాబు తనను నేరంలో ఇరికించేదైనా సరే, సాక్షి చెప్పి తీరాలి. అందుకు బదులుగా చట్టం అతనికి ఒక రక్షణ ఇచ్చింది. అలా చెప్పక తప్పక చెప్పిన జవాబును పట్టుకుని అతన్ని అరెస్టు చేయకూడదు, క్రిమినల్ కేసులో అతని మీద రుజువుగా వాడకూడదు. అబద్ధపు సాక్ష్యం చెప్పాడన్న కేసుకు మాత్రమే మినహాయింపు. పాత చట్టంలో ఇది 132, కొత్తదానిలో 137. సాక్షిగా చెప్పిన ఆ జవాబు ఆధారంగా అతని మీద కేసు నడపడం కుదరదని సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. అంటే మీ టీ అంగడి యజమాని కుప్పకూలి ఏడ్చినా, ఆ ఏడుపుతో అతనికి శిక్ష పడదు.

మిగతా సాక్ష్యం బలంగా ఉంటే, ముద్దాయి కాని మనిషిని కూడా కోర్టు కేసులోకి లాగవచ్చు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది 319వ సెక్షన్, దాని స్థానంలో వచ్చిన నాగరిక సురక్షా సంహితలో 358. దానికి మామూలు అనుమానం చాలదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2014లో తేల్చింది. లాగిన తర్వాత అతని విచారణ మళ్లీ మొదటి నుంచి మొదలుకావాలి, సాక్షులందరూ మళ్లీ రావాలి.

అన్నిటికన్నా ముఖ్యం, అసలు హంతకుణ్ని పట్టి ఇవ్వడం ముద్దాయి లాయరు పని కాదు. ప్రాసిక్యూషన్ కథలో సందేహం ఉందని చూపిస్తే చాలు. తొందరపడి వేలు చూపిస్తే తన కక్షిదారు మెడకే చుట్టుకోవచ్చు. "ముద్దాయి పక్కన నిలబడి కొట్టింది మీరే కదా" అని అడిగాడనుకోండి, ముద్దాయి అక్కడ ఉన్నాడని తానే ఒప్పుకున్నట్లు. ముద్దాయికి ప్రతికూలంగా ఉన్న సజెషన్ అతన్ని కట్టిపడేస్తుందని 2023లో సుప్రీంకోర్టు ఒక హత్య కేసులో చెప్పింది.

నా అభిప్రాయం అడిగితే, ఆరోపణ ఉంచండి. ఒప్పుకోలు తీసేయండి.

బుధవారపేట పాఠకురాలు (కర్నూలు)

లాయరు గారూ, మీకు అది సజెషన్. ఆ బోనులో నిలబడినవాళ్లకు ఏమిటో నేను చెబుతాను.

మా నాన్న బడిపంతులు. కె.సి. కాలువ గట్టు మీద జరిగిన ఒక గొడవను చూశారు. ఒక మనిషి చనిపోయాడు. పోలీసులు అడిగితే చూసింది చూసినట్లు చెప్పారు. మా అమ్మ వద్దని ఏడ్చింది. సమన్లు వచ్చిన ప్రతిసారీ ఉతికిన ధోవతి కట్టుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్లేవారు. వాయిదా పడిందని సాయంత్రం తిరిగి వచ్చేవారు. ఎన్ని సార్లో లెక్క పెట్టడం మానేశాం. చివరకు సాక్ష్యం చెప్పిన రోజున ముద్దాయి తరఫు లాయరు, మీరు చెప్పినట్లే మామూలు గొంతుతో, "మృతుడితో పొలం గట్టు తగాదా మీకే ఉంది, కర్రతో కొట్టింది మీరే, అది దాచడానికి వీళ్ల మీద చెబుతున్నారు" అన్నారట. మాకు అక్కడ పొలమే లేదు.

ఆ రాత్రి నాన్న అన్నం ముందు కూర్చుని తినలేదు. "ఆ మాట కాగితం మీద ఉంటుందా అమ్మా?" అని నన్ను అడిగారు. ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పిన మనిషి తన పేరు పక్కన హత్య అనే మాట రాసి ఉంటుందేమోనని భయపడ్డారు. నాకు తెలియక "ఉండదులే నాన్నా" అన్నాను. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆ జవాబు నిజమో కాదో నాకు ఈ రోజుకూ తెలియదు.

నాటిక రాసిన అన్నగారూ, తీసేయండి. ప్రేక్షకులు చప్పట్లు కొట్టేది ఆ వేలికి. ఇంటికి వెళ్లాక వాళ్లకు గుర్తుండేదీ ఆ వేలే.

రిటైర్డ్ స్టెనో (ఆదోని)

అమ్మా, మీ నాన్నగారి ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. నేను సర్వీసంతా కోర్టుల్లో వాంగ్మూలాలు టైపు చేసినవాణ్ని.

ఆ మాట కాగితం మీద ఉంటుంది. కానీ ఎలా ఉంటుందో వినండి. వాంగ్మూలంలో మామూలుగా ప్రశ్న విడిగా, జవాబు విడిగా రాయం. రెండూ కలిపి సాక్షి నోటి మాటగా ఒకే వాక్యం రాస్తాం. "నేనే మృతుణ్ని కర్రతో కొట్టి, ఆ నేరాన్ని ముద్దాయిల మీద మోపుతున్నానని అనడం నిజం కాదు." మీ నాన్నగారి పేరుతో ఉండేది ఆ వాక్యం. అది "నిజం కాదు" అన్న మాటతోనే ముగుస్తుంది. లాయరు వేసిన సజెషన్ దానంతట అది సాక్ష్యం కాదు, సాక్షి చెప్పిందే సాక్ష్యం. చివర్లో చదివి వినిపించి, సరిగా ఉందని ఆయన ఒప్పుకున్న తర్వాతే సంతకం తీసుకుంటారు. కాబట్టి ఆయన సంతకం ఆ కాదు అన్న మాట కిందే ఉంది. ఆయన ఉన్నప్పుడు ఈ సంగతి చెప్పే మనిషి దొరికి ఉంటే బాగుండేది.

తాడిపత్రి రంగస్థలం

చదివి మనసు బరువెక్కింది. అయినా నేను గుంతకల్లు తమ్ముడి పక్షమే.

సాక్షుల గౌరవం కోసం సాక్షి హంతకుడు కాకూడదని నియమం పెట్టుకుంటే, స్టేజీ మీద సాక్షులందరూ హరిశ్చంద్రులవుతారు. మన ప్రాంతంలో సాక్షికి భయం ఉన్నమాట నిజం. కానీ కూలిచ్చి తెచ్చిన దొంగ సాక్షుల మాటేమిటి? చూడనిది చూశానని చెప్పి, పక్క వర్గం మనిషిని జైలుకు పంపినవాళ్ల మాటేమిటి? ఆ కూలీ ముద్దాయి కూడా మనిషే. అతని తరఫున నిలబడి "నువ్వు అబద్ధం చెబుతున్నావు" అని అనగలిగేది ఆ లాయరు ఒక్కడే. ఆ వేలును నరికేస్తే పేదవాడికి ఇంకేం మిగులుతుంది?

నటుడు బళ్లారి రాఘవ మా తాడిపత్రిలోనే 1880లో పుట్టారు. ఆయనా లాయరే, ఆయన మేనమామ, నాటకకర్త ధర్మవరం రామకృష్ణమాచార్యులూ లాయరే. కోర్టు తెలిసినవాళ్లు నాటకాన్ని ఎంత ఎత్తుకు తీసుకెళ్లగలరో ఆ ఇద్దరినీ చూస్తే తెలుస్తుంది. కాబట్టి లాయరు గారు చెప్పిన సెక్షన్లను నాటకానికి అడ్డంకి అనుకోకండి. ఒప్పుకున్నా శిక్ష పడదని తెలిసిన సాక్షి బోనులో నిలబడి "అవును, నేనే" అంటే? అది మీరు రాసినదానికన్నా భయంకరమైన ముగింపు. దాన్ని రాయండి.

కడప కోర్టు న్యాయవాది

తాడిపత్రి వారూ, దొంగ సాక్షి గురించి మీరు అన్నది నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. కానీ అబద్ధం చెబుతున్నావనడం వేరు, హత్య చేశావనడం వేరు. మొదటిది తేలితే చాలు, కూలీ బయటపడతాడు. రెండోదాని అవసరం ముద్దాయికి లేదు. ప్రేక్షకుడికే ఉంది.

అనంత నాటకం (అనంతపురం)

అందరికీ నమస్కారాలు. నిన్న రాత్రి ఆఖరి దృశ్యం మళ్లీ రాశాను.

లాయరు కాగితాలు చూసుకుంటూ మామూలు గొంతుతో ఆ ప్రశ్న వేస్తాడు. టీ అంగడి యజమాని చాలాసేపు మాట్లాడడు. తర్వాత "నిజం కాదు" అంటాడు. టైపు చప్పుడు. స్టెనో ఆ పొడుగాటి వాక్యాన్ని పైకి చదివి వినిపిస్తాడు. చేశాడో లేదో నేను చెప్పను. కానీ గుంతకల్లు తమ్ముడు అడిగిన పాల సంగతి మొదటి దృశ్యంలో పెట్టాను. చూసేవాళ్లలో కొందరికి అనుమానం మిగలాలి. తాడిపత్రి అన్నగారి ముగింపు మంచిదే, కానీ అది రాయాలంటే ఆ మనిషిని నేను ముందు నుంచీ హంతకుడిగా చూడాలి. నా చేత కాలేదు.

మా వాళ్లలో ఇద్దరు ఒప్పుకున్నారు. ముగ్గురు ఇంకా చప్పట్ల గురించే అడుగుతున్నారు. పెద్దాయన మాత్రం చదివిన వెంటనే లేచి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి చూపించారు.

ఆదోని సార్‌కు ఒక్క ప్రశ్న. సాక్ష్యం అయిపోయాక సాక్షి బోను దిగి ఎటు వెళ్తాడు? నేను నేరుగా బయటకు పంపించేశాను.

రిటైర్డ్ స్టెనో (ఆదోని)

నేరుగా పంపించకండి. దిగి బెంచ్ క్లర్కు బల్ల దగ్గర ఆగుతాడు. టైపు చేసిన ప్రతి కాగితం మీదా సంతకం పెట్టాలి. వయసు మళ్లినవాళ్లు కళ్లజోడు కోసం జేబులు తడుముకుంటారు. ఈలోగా బంట్రోతు గుమ్మం దగ్గర నిలబడి తర్వాతి సాక్షి పేరు మూడుసార్లు పిలుస్తాడు. సాక్షికి ఖర్చుల కింద ఇచ్చే బత్తా సంగతి అడగాలా వద్దా అని కాసేపు అక్కడే నిలబడతారు. చాలామంది అడగకుండానే వెళ్లిపోతారు.