‘అవార్డు పొందిన బస’ అన్న మాటను ఎంతవరకు నమ్మవచ్చు? ఇంగ్లండు ప్రయాణానికి సలహా కావాలి

ప్రశ్న – అడయారు, చెన్నై

అందరికీ నమస్కారం. వచ్చే మే నెలలో మేము నలుగురం, అంటే నేను, మావారు, ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయి, డెబ్బై ఏళ్ల మా అత్తయ్యగారు, రెండు వారాల పాటు ఇంగ్లండు వెళ్లాలని అనుకుంటున్నాము. లండన్‌లో నాలుగు రోజులు మావారి స్నేహితుల ఇంట్లోనే ఉంటాము కనుక ఆ భాగం గురించి బెంగ లేదు. మిగిలిన పది రోజులు ఎక్కడ ఉండాలి, ఏమి చూడాలి అన్నదే తేలడం లేదు. నెల రోజులుగా వెతుకుతున్నాను. ఏ పేజీ తెరిచినా ‘అవార్డు పొందిన’ అన్న మాటే కనిపిస్తున్నది. హోటలుకు అవార్డు, పొలం మధ్యనున్న కాటేజీకి అవార్డు, మ్యూజియానికి అవార్డు, ఆ మ్యూజియంలోని టీ గదికి కూడా అవార్డు. వాటిని ఎవరు ఇచ్చారో, దేనికి ఇచ్చారో చాలాచోట్ల రాయలేదు.

మా అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. ఒక అంతస్తు మెట్లు నెమ్మదిగా ఎక్కగలరు గానీ అంతకు మించి ఆవిడ వల్ల కాదు. పూర్తి శాకాహారి, పగలు ఏది పెట్టినా సర్దుకుంటారు, రాత్రికి మాత్రం పెరుగన్నం పడితేనే ఆవిడకు నిద్ర పడుతుంది. మామయ్యగారు పోయాక ఆవిడ ఊరు దాటి వెళ్లడం ఇదే మొదటిసారి. అందుకే బస విషయంలో పొరపాటు జరగకూడదని నా తాపత్రయం. ఈ అవార్డులను ఎలా చదవాలో, వాటిలో మాలాంటి కుటుంబానికి నిజంగా పనికివచ్చే చోట్లు ఏవో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

జవాబు – మల్లేశ్వరం, బెంగళూరు

అమ్మా, ప్రయాణాల ఏర్పాట్లు చూసే ఉద్యోగంలో చాలా ఏళ్లు పనిచేసినవాడిని కనుక కొంచెం వివరంగా రాస్తాను. ముందుగా నక్షత్రాలనూ అవార్డులనూ విడదీసి చూడాలి. విజిట్‌ఇంగ్లండ్ అనే పర్యాటక సంస్థ గానీ, 1912 నుంచి హోటళ్లకు నక్షత్రాలు ఇస్తున్న ఏఏ అనే మోటారు వాహనదారుల సంస్థ గానీ పరిశీలకులను పంపి, గది శుభ్రత, పడక, అల్పాహారం, ఆదరణ అన్నీ చూసి ఒకటి నుంచి ఐదు వరకు నక్షత్రాలు ఇస్తాయి. ఇది స్వచ్ఛందంగా చేయించుకునే పరీక్ష. అందువల్ల నక్షత్రాలు లేనంత మాత్రాన ఆ ఇల్లు బాగోలేదని అనుకోనక్కరలేదు. అవార్డు అలా కాదు, అది పోటీలో గెలుచుకునేది. విజిట్‌ఇంగ్లండ్ ఏటా ఇచ్చే అవార్డ్స్ ఫర్ ఎక్సలెన్స్‌లో ముందు ప్రాంతాలవారీగా పోటీ జరుగుతుంది, అక్కడ నెగ్గినవారు దేశస్థాయికి వెళతారు, ఒక్కో విభాగంలో బంగారు, వెండి, కాంస్య పురస్కారాలు ఉంటాయి. పోటీకి దరఖాస్తు చేసుకోవలసింది యజమానులే. దరఖాస్తు చేయని మంచి ఇళ్లు ఎన్నో ఉంటాయన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి.

కాబట్టి ‘అవార్డు’ అన్న మాట కనపడగానే ఏ విభాగంలో, ఏ సంవత్సరంలో అన్న రెండు సంగతులు వెతకండి. చిన్న హోటళ్లకు, బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ ఇళ్లకు, సొంతంగా వండుకునే వీలున్న బసలకు వేరువేరు విభాగాలు ఉన్నాయి. అందరికీ అందుబాటులో ఉండే పర్యాటకం అని ఇంకొకటి ఉంది. వృద్ధులనూ వికలాంగులనూ దృష్టిలో పెట్టుకుని ఏర్పాట్లు చేసినవారికి ఇచ్చేది అది. మీ అత్తయ్యగారి కోసం నేనైతే ముందు ఆ విభాగంలో గెలిచినవారి జాబితాయే చూస్తాను. ఏఏ వారి రోజెట్లు ఉన్నాయంటే అది వంటకు ఇచ్చిన గౌరవం, గదికి కాదు.

సంవత్సరం ఎందుకు చూడమంటున్నానో నా అనుభవమే చెబుతాను. కొన్నేళ్ల కిందట మా తల్లిదండ్రులను తీసుకుని ఒక సముద్రతీరపు ఊళ్లో దిగాను. గుమ్మం పక్కన ఇత్తడి ఫలకం మీద పురస్కారం వివరాలు స్పష్టంగా ఉన్నాయి. దగ్గరికి వెళ్లి చదివితే అది అప్పటికి తొమ్మిదేళ్ల నాటిది, ఈలోపు ఇల్లు చేతులు మారింది. మాకు ఇచ్చిన గది మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. మెట్లు ఎంత ఇరుకంటే పెట్టె ముందు, మనిషి వెనక నడవాలి. మా నాన్నగారు ఒక్కో మలుపు దగ్గర కిటికీ అంచు పట్టుకుని ఆగి ఊపిరి తీసుకుంటూ ఎక్కారు. తప్పు ఆ ఇంటివారిది మాత్రమే అనలేను, గది ఎన్నో అంతస్తు అని నేను అడిగి ఉండవలసింది. ఇంగ్లండులో పాత ఇళ్లను మార్చి నడిపే బసలలో లిఫ్టు లేకపోవడమే మామూలు. దయచేసి మీరు ఉత్తరం రాసి కింది అంతస్తు గది అడగండి, స్నానాలగదిలో టబ్బు అంచు దాటి దిగాలా, విడిగా షవరు ఉందా అన్నది కూడా అడగండి. మోకాళ్ల నొప్పి ఉన్నవారికి ఆ టబ్బు అంచు మెట్లకన్నా ప్రమాదం.

తేదీల గురించి ఒక మాట. మే చివరి సోమవారం అక్కడ బ్యాంకు సెలవు, ఆ వారమంతా బడులకు సెలవులు. అద్దెలు పెరుగుతాయి, మంచి ఇళ్లు ఎప్పుడో నిండిపోతాయి. అంతకుముందే మీ పది రోజులు ముగిసేలా చూసుకోండి. కాటేజీలు చాలావరకు శుక్రవారం నుంచి శుక్రవారానికో, శనివారం నుంచి శనివారానికో వారం లెక్కన ఇస్తారు. మీకు సొంతంగా వండుకునే ఇల్లే సరిపోతుందని నా గట్టి అభిప్రాయం. బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ ఇళ్లలో ఉదయం శాకాహారులకు పుట్టగొడుగులు, కాల్చిన టమాటా, బీన్స్, రొట్టె పెడతారు గానీ రాత్రి భోజనానికి ఎలాగూ బయట తిరగవలసి వస్తుంది.

జవాబు – పెరంబూరు, చెన్నై

పై వారు బసల గురించి చెప్పారు కనుక నేను చూడవలసిన చోటు ఒకటే చెబుతాను. డరమ్ ప్రాంతంలోని బీమిష్ మ్యూజియాన్ని మాత్రం వదులుకోకండి. 2025లో ఆర్ట్ ఫండ్ వారి మ్యూజియం ఆఫ్ ది ఇయర్ పురస్కారం, దానితో పాటు 1,20,000 పౌండ్లు, ఈ మ్యూజియానికే వచ్చాయి. అద్దాల పెట్టెల వెనక వస్తువులు పెట్టి చూపించే చోటు కాదు ఇది. దాదాపు 350 ఎకరాల్లో ఉత్తర ఇంగ్లండులోని పాత ఇళ్లనూ దుకాణాలనూ తెచ్చి మళ్లీ నిలబెట్టారు. గని కార్మికుల ఇళ్ల వరుస ఒకటి హెట్టన్-లీ-హోల్ అనే ఊరి నుంచి విప్పి తెచ్చి ఇక్కడ కట్టినది. ఆ ఇళ్లలో బొగ్గు పొయ్యిలు నిజంగానే మండుతూ ఉంటాయి, ఆనాటి దుస్తులు వేసుకున్నవారు పని చేసుకుంటూ మనతో మాట్లాడతారు.

మా అమ్మకు ఇంగ్లీషు రాదు. ఆ వరుసలోని ఒక ఇంట్లో ఒకావిడ చట్రానికి బిగించిన గోనెగుడ్డలోకి పాత చొక్కాల పీలికలను ఒక మొద్దు కొయ్యమేకుతో గుచ్చుతూ చాప అల్లుతున్నది. అమ్మ కాసేపు చూసి, కొయ్యమేకు అడిగి తీసుకుని, తానూ రెండు వరుసలు గుచ్చింది. తర్వాత తన భుజం మీది చీర కొంగు చూపించి, ఇలాంటివి పొరలు పొరలుగా పేర్చి మేము బొంతలు కుడతామని చేతులతోనే చెప్పింది. ఆవిడకు అంతా అర్థమైంది. మేము లేచి వచ్చేసరికి అరగంట గడిచింది. లండన్‌లో చూసిన రాజభవనాలకన్నా ఆ అరగంట గురించే అమ్మ ఇప్పటికీ చెబుతుంది. మీ అత్తయ్యగారికి కూడా నచ్చుతుందని నా నమ్మకం.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. లోపల దూరాలు ఎక్కువ. పాత ట్రాములు, బస్సులు తిప్పుతూ ఉంటాయి గానీ ట్రాము మెట్టు ఎత్తుగా ఉంటుంది. చక్రాల కుర్చీతో ఎక్కగల బస్సు గురించి ద్వారం దగ్గరే అడగండి. రెండోది మరీ ముఖ్యం. అక్కడి చేపల దుకాణంలో బొగ్గు మంట మీద వేయించే బంగాళాదుంప చిప్స్ వాసనకే నోరూరుతుంది గానీ, వేయించేది గొడ్డు కొవ్వులో. ఉత్తర ఇంగ్లండులో చాలా చిప్స్ దుకాణాల్లో ఇదే పద్ధతి. చిప్సే కదా అని కొనేయకుండా ఏ నూనె అని ప్రతిచోటా అడగండి.

బస డరమ్‌లోనో న్యూకాజిల్‌లోనో చూసుకోవచ్చు. లండన్ కింగ్స్ క్రాస్ నుంచి డరమ్‌కు రైలులో మూడు గంటలు. 1093లో కట్టడం మొదలుపెట్టిన డరమ్ కెథీడ్రల్, పక్కనున్న కోట కలిసి 1986లోనే యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. స్టేషన్ నుంచి కెథీడ్రల్‌కు దారి నిటారుగా ఉంటుంది, టాక్సీ తీసుకోండి.

జవాబు – వైట్‌ఫీల్డ్, బెంగళూరు

బస కోసమే ఇచ్చిన అవార్డు కాకపోయినా, అవార్డు పొందిన ఇంట్లో ఉండాలన్న సరదా మీకు ఉంటే ఒక ఇల్లు చెబుతాను. వార్విక్‌షైర్‌లోని ఆస్ట్లీ కాజిల్ 1978లో అగ్నిప్రమాదంలో కాలి శిథిలమైపోయింది. పాత ఇళ్లను కాపాడి సెలవులకు అద్దెకు ఇచ్చే ల్యాండ్‌మార్క్ ట్రస్ట్, ఆ మొండిగోడలను పడగొట్టకుండా వాటి నడుమే కొత్త ఇటుకతో, కొయ్యతో ఇల్లు కట్టించింది. ఆ పనికి వాస్తుశిల్పులకు 2013లో, బ్రిటన్‌లో కట్టడాలకు ఇచ్చే బహుమతుల్లో పెద్దదైన స్టిర్లింగ్ బహుమతి వచ్చింది. పడకగదులు కింద, కూర్చునే గది, వంటగది పైన ఉంటాయి. ఎనిమిది మంది పడతారు కనుక ఇంకో కుటుంబం కలిస్తే ఖర్చు తగ్గుతుంది. కారు లేకుండా వెళ్లడం కష్టం. మన డ్రైవింగ్ లైసెన్సుతో అక్కడ పన్నెండు నెలల వరకు కారు నడపవచ్చు, మనలాగే ఎడమవైపునే నడుపుతారు కూడా.

అక్కడి నుంచి ఐరన్‌బ్రిడ్జ్ అనే లోయ ఒక్కరోజులో చూసి రావచ్చు. 1709లో అబ్రహం డార్బీ కోక్‌తో, అంటే బొగ్గును కాల్చి తయారుచేసే ఇంధనంతో, ఇనుము కరిగించిన కోల్‌బ్రూక్‌డేల్ ఆ లోయలోనే ఉంది. ఆయన మనుమడు పోతపోసిన ఇనుప వంతెన 1779లో నిలబడింది. అక్కడి మ్యూజియానికి 1977లో యూరోపియన్ మ్యూజియం ఆఫ్ ది ఇయర్ పురస్కారం వచ్చింది. వంతెన దాటడానికి డబ్బు కట్టనక్కరలేదు. దగ్గరగా నిలబడి చూస్తే ఇనుప ముక్కలు మేకులతో కాకుండా వడ్రంగి పనిలో కొయ్యను దిగేసినట్టు కుసులతో, చీలలతో కూర్చి ఉంటాయి. ఆరో తరగతి పిల్లకు చూపించదగినది.

రైళ్లలో తిరిగేటట్లయితే ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ రైల్‌కార్డు తీసుకోండి. పెద్దల టికెట్టులో మూడో వంతు, పిల్లల టికెట్టులో అరవై శాతం తగ్గుతుంది.

ప్రశ్న అడిగినవారు – అడయారు, చెన్నై

ముగ్గురికీ మనఃపూర్వకంగా కృతజ్ఞతలు. బొంత సంగతి అత్తయ్యగారికి చదివి వినిపించాను. ఆవిడ బీమిష్ పేరు రెండుసార్లు పలికించుకుని కాగితం మీద రాసుకున్నారు, అందువల్ల డరమ్ ఖాయం. ఆస్ట్లీ కాజిల్ మావారికి ఎంతో నచ్చింది గానీ, కారు లేకుండా వెళ్లడం కష్టం కనుక ఈసారికి మానుకుంటున్నాము. డరమ్ దగ్గర కింది అంతస్తులో వంటగది ఉన్న ఇల్లు ఒక వారానికి అడుగుతూ రెండు చోట్లకు రాశాను. ఒకరు షవరు, తలుపు వెడల్పు ఫొటోలతో సహా జవాబు ఇచ్చారు. వారికి ఏ అవార్డూ లేదు, నాలుగు నక్షత్రాలు ఉన్నాయి. చివరి సందేహం ఒకటి మిగిలింది. ఇంటి నెయ్యి, తోడు పెరుగు, సోనా మసూరి ఇక్కడి నుంచే తీసుకుపోవచ్చా?

జవాబు – మల్లేశ్వరం, బెంగళూరు

అలా ఫొటోలు పంపినవారి ఇల్లే తీసుకోండమ్మా. అయితే వీసా చేతికి వచ్చేవరకు, రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి ఇచ్చే పద్ధతిలోనే బుక్ చేయండి. నెయ్యి, పెరుగు, పాలకోవా లాంటి పాల పదార్థాలు మన దేశం నుంచి అక్కడికి తీసుకువెళ్లకూడదు, విమానాశ్రయంలో తీసేసుకుంటారు. లండన్‌లో ఉన్నప్పుడే ఈస్ట్‌హామ్ వెళ్లి బియ్యం, పప్పు, నెయ్యి కొనుక్కుని రైలెక్కండి, అక్కడ దక్షిణాది దుకాణాలు ఉన్నాయి. పెరుగు ఏ ఊరి సూపర్‌మార్కెట్‌లోనైనా దొరుకుతుంది. కొన్నిటిలో జెలటిన్ కలుపుతారు కనుక డబ్బా మీద శాకాహారులకు తగినదని రాసి ఉందో లేదో చూసి తీసుకోండి.